పుస్తకం మూసినా పోని భయం

ప్రశ్న: మీ శీర్షిక తప్పకుండా చదువుతాను. నా వయసు 36. ఇద్దరు పిల్లలు. బి.ఏ. చదివాను, ఉద్యోగం లేదు. ఏడాదిగా నాకు సైకలాజికల్ థ్రిల్లర్ నవలల పిచ్చి పట్టుకుంది. పిల్లలు పడుకున్నాక మొదలుపెడితే రాత్రి ఒంటిగంట, ఒక్కొక్కసారి రెండు. గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమటలు పడతాయి. అయినా వదలలేను. పుస్తకం మూశాక నిద్ర పట్టేది కాదు. నాలుగు నెలల నుంచి మావారే మందుల షాపులో నిద్రమాత్రలు తెచ్చి రోజూ రాత్రి ఒకటి ఇస్తున్నారు. నిద్ర పడుతోంది గాని మర్నాడు పదింటిదాకా మత్తుగా ఉంటోంది. అందుకని ఇప్పుడు మధ్యాహ్నాలు చదువుతున్నాను.

మతిమరపు కూడా వచ్చింది. బీరువా తాళాలు పెట్టినచోట ఉండవు. ఒకసారి నా గొలుసు పోపుల డబ్బాలో దొరికింది. నేను అక్కడ పెట్టిన గుర్తు లేదు. స్టవ్ ఆపేశానని ఒట్టు పెట్టి చెప్పగలను, వెలుగుతూనే ఉందంటారు. "ఆ నవలలు చదివి నీకు మతి చెడింది" అని మావారు పిల్లల ముందు, చుట్టాల ముందు అంటున్నారు. మా అత్తగారిదీ అదే మాట. ఇంట్లో వేరే చికాకులు కూడా ఉన్నాయి. మా నాన్నగారు పసుపు కుంకుమల కింద నా పేర రాసిన ఎకరం పొలం అమ్మకం మాట నడుస్తోంది. అది వేరే సంగతి. నా ప్రశ్న ఏమిటంటే, ఈ నవలలు చదివితే నిజంగా పిచ్చి పడుతుందా? అంత భయపెట్టే పుస్తకాలంటే నాకెందుకింత ఇష్టం? పూర్తిగా మానేయమంటారా?

— ఒక సోదరి (పేరు, ఊరు ప్రకటించవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు మూడు వివరాలు మార్చి అచ్చుకిస్తున్నాను. ఎందుకు మార్చానో చివరికి మీకే బోధపడుతుంది. ముందు మీరు అడిగినదానికి జవాబు చెబుతాను. తరవాత మీరు అడగనిదానికి.

నవల చదివినంతమాత్రాన ఎవరికీ మతి చెడదు. ఈ నింద కొత్తదేమీ కాదు. 1980ల తొలిరోజుల్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేటప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. పత్రిక వచ్చిన రోజు నైట్ డ్యూటీ సిస్టర్లు వంతులు వేసుకుని చదివేవారు. చదివాక స్టోరు గదిలోంచి సెలైన్ సీసా తేవాలంటే ఆయా తోడుండాల్సిందే. ఆ ఆయా చదువుకోలేదు గనక ధైర్యంగా ఉండేది. వారం తిరిగేసరికి మళ్లీ అదే సిస్టర్లు పత్రిక కోసం గేటు దగ్గర కాపలా! వాళ్లలో ఒక్కరికీ మతి పోలేదు. అందరూ ఇంజక్షన్లు సరిగ్గానే చేశారు.

మరి భయమంటే పారిపోవాలి గాని, డబ్బిచ్చి కొనుక్కోవడమేమిటి? ఈ ప్రశ్నకి జవాబు మన విస్తట్లోనే ఉంది. వేడన్నంలో కొత్త ఆవకాయ కలుపుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది. మన నాలుక మీద వేడిని కనిపెట్టే గ్రాహకాలున్నాయి. పొగలు కక్కే కాఫీ తగిలితే "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపేవి అవే. కాప్సైసిన్ పోయి సరిగ్గా వాటినే తట్టి లేపుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడికి, మరొకరితో కలిపి, 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కళ్లనీళ్లు నిజం, ముక్కు కారడం నిజం, నెత్తి మీద చెమట నిజం. నిప్పు మాత్రం లేదు. లేదని మనకి తెలుసు. అందుకే "అబ్బా" అంటూనే ఇంకో ముద్ద కలుపుతాం.

పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మెక్సికో వెళ్లి మిరపకాయలు తినేవాళ్లని పరిశీలించాడు. పసిపిల్లలెవరూ కారాన్ని ఇష్టపడరు. ఆ మంట వల్ల ప్రమాదం లేదని అనుభవం మీద తెలిశాకే అది రుచి అవుతుంది. ఏడిపించే సినిమాలు, భయపెట్టే కథలు కూడా ఈ కోవలోవేనని ఆయనా, సహచరులూ 2013లో ప్రకటించిన వ్యాసంలో రాశారు. శరీరం మోసపోతుంది, మనసు మోసపోదు. ఆ రెంటికీ మధ్య తేడాయే సరదా.

థ్రిల్లర్ చదివేటప్పుడు మీ గుండె కొట్టుకోవడం ఇందువల్లే. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, నోరెండుతుంది, అరచేతులు తడుస్తాయి. పరుగెత్తడానికి ఒళ్లంతా సిద్ధమవుతుంది. కాని చేతిలో ఉన్నది పుస్తకమేనాయె. మూసేస్తే హంతకుడు అట్టల మధ్యే ఉండిపోతాడు. కళ్లెం మన చేతిలో ఉంది. అది చేతిలో ఉన్నంతసేపే ఆ భయం వినోదం. భరతముని భయానకాన్ని ఎనిమిది రసాల్లో ఒకటిగా లెక్కపెట్టింది ఇలాంటి భయాన్నే గాని, పెరట్లో పాము కనబడ్డప్పటి భయాన్ని కాదు. ఈ కళ్లెం మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఇంకొకటి. ప్రమాదం గడిచిందని తెలియగానే ఒంట్లో ఉద్రేకం చల్లారిపోదు. కాసేపు మిగిలే ఉంటుంది. ఈలోగా కథ సుఖాంతమైతే ఆ మిగులంతా సంతోషం ఖాతాలో జమపడుతుందని డాల్ఫ్ జిల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలో వివరించాడు. భయం ఎంత పెద్దదైతే చివర వచ్చే హాయి అంత పెద్దది.

ఇక వదలలేకపోవడం. బెర్లిన్‌లో చదువుకున్న బ్లూమా జైగార్నిక్ అనే ఆమె, సగంలో ఆపిన పనులు పూర్తయినవాటికంటే బాగా గుర్తుంటాయని 1927లో ప్రకటించింది. జ్ఞాపకం మాట తరవాతి పరీక్షలకి అంతగా నిలబడలేదు. ఆమె సహాధ్యాయిని మరియా ఒవ్‌సియాంకినా మరుసటి సంవత్సరం చూపిన సంగతి మాత్రం నిలబడింది. సగంలో ఆపించిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనిషి మళ్లీ తనంతట తానే అందుకుంటాడట. ప్రతి ప్రకరణం చివరా రచయిత చేసేది ఇదే, మన చేతిలోని పని సగంలో ఆపించడం. కాబట్టి ప్రకరణం చివర పుస్తకం మూయకండి. ముడి వేసేది అక్కడే. ప్రకరణం మధ్యలో, కథ కాస్త నెమ్మదించినచోట మూయండి. రాత్రి నిద్ర పాడవుతోందని నాకు రాసినవారందరికీ ఈ సలహా ఇస్తుంటాను. మరీ ఆత్రం పట్టలేకపోతే చివరి ప్రకరణం ముందే చదివేయమంటాను. ముగింపు ముందే తెలిసినంతమాత్రాన కథ రుచి చెడదని 2011లో అమెరికాలో చేసిన ప్రయోగంలో తేలింది. తరవాతి ప్రయోగాల్లో కొన్ని దీనికి ఒప్పుకోలేదు, మా ఆవిడా ఒప్పుకోదు.

ఇంతవరకూ చెప్పింది దెయ్యం కథకీ, డిటెక్టివ్ నవలకీ కూడా వర్తిస్తుంది. కాని మీరు చదివేవి ఒక ప్రత్యేకమైన జాతి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ రంగంలోకి దిగాడంటే మనకో భరోసా. ఎవరు అబద్ధం చెప్పినా ఆయన బుర్ర మీద నమ్మకం. సైకలాజికల్ థ్రిల్లర్‌లో ఆ భరోసా ఉండదు. కథ చెప్పే మనిషి మతినే నమ్మడానికి లేదు. శత్రువు చీకటి సందులో ఉండడు, అదే మంచం మీద పడుకునో, పక్కపీట మీద భోంచేస్తూనో ఉంటాడు. 2015లో వచ్చిన పాలా హాకిన్స్ నవల "ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్" మీరు చదివే ఉంటారు. అందులో నాయికకి తాగుడు వల్ల జ్ఞాపకాల్లో ఖాళీలు. ఆ ఖాళీల్ని వేరొకరు తమకి కావలసినట్టు నింపుతారు.

ఈ జాతికి ముత్తవ్వ లాంటిది 1938లో లండన్‌లో ఆడిన ఒక నాటకం. పేరు "గ్యాస్ లైట్", రాసినవాడు పాట్రిక్ హామిల్టన్. అందులో భర్త ఇంట్లో వస్తువులు తనే దాచి, భార్యే ఎక్కడో పెట్టి మరచిపోయిందని పనివాళ్ల ముందు అవమానిస్తాడు. రాత్రిళ్లు బయటికి వెళుతున్నానని చెప్పి దొంగదారిన అదే ఇంటి పై అంతస్తుకి చేరతాడు. ఎప్పుడో హత్యకి గురైన ఒకావిడ కెంపులు అక్కడ వెతకడం అతని పని. పైన దీపం వెలిగించగానే కింద గదిలో గ్యాసు దీపం మసకబారుతుంది. ఆమెకి అది కనబడుతుంది. తనకి మతి పోతోందని ఆమే నమ్మడం మొదలుపెడుతుంది. చివరికి ఒక ముసలి పోలీసు అధికారి వచ్చి, ఆ దీపం నిజంగానే తగ్గుతోందని చెబుతాడు. 1944లో హాలీవుడ్‌లో దీన్ని సినిమాగా తీస్తే నాయిక వేసిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ వచ్చింది. ఎదుటివారికి వాళ్ల మతి మీదే నమ్మకం లేకుండా చేయడాన్ని ఈ నాటకం పేరు మీద "గ్యాస్‌లైటింగ్" అంటున్నారు. ఒక ప్రసిద్ధ అమెరికన్ నిఘంటువు 2022 సంవత్సరపు పదంగా దీన్నే ఎంచింది. మనకీ ఈ కథ కొత్త కాదు. 1964లో హిందీలో వచ్చిన "వో కౌన్ థీ", 1966లో తెలుగులో "ఆమె ఎవరు?" అయింది. అందులో ఆస్తి కోసం పిచ్చివాణ్ణి చేయబోయేది ఒక డాక్టర్ని. డాక్టర్లకీ ఈ గతి తప్పదన్నమాట!

2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే పరిశోధకులు నిజంగా జరిగిన నేరాల పుస్తకాల గురించి పరిశీలించారు. వాటి మీద మగవారికంటే ఆడవారికే మక్కువ ఎక్కువని, అందులోనూ బాధితురాలు ఏ ఉపాయంతో తప్పించుకుందో చెప్పే పుస్తకాల వైపు ఆడవారు మొగ్గారని తేలింది. కాలక్షేపమే కాదు, అదొక తాలీము కూడా కావచ్చు. నవలల విషయంలో నాకు తోచేది ఇంకొకటుంది. ఈ కథల్లో మూడువందల పేజీలపాటు నాయికని ఎవరూ నమ్మరు. ఒక పేజీలో మాత్రం ఆమె చూసింది నిజమేనని తేలుతుంది. చాలామంది ఆడవాళ్లు ఆ పేజీ కోసమే చదువుతారని నా అనుమానం. అమ్మా, మీరు రాత్రి రెండింటిదాకా మేలుకుని వెతికినది ఆ పేజీనేనా?

ఇప్పుడు మీరు అడగని సంగతి. "అది వేరే సంగతి" అని మీరు ఒక్క మాటతో దాటేసినదాన్ని నేను మూడుసార్లు చదివాను.

నేను డాక్టర్ని, డిటెక్టివ్‌ని కాను. ఒక ఉత్తరం చూసి మీవారిని ముద్దాయిని చేయడం అన్యాయం. మీకు నిజంగానే మతిమరపు ఉండవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ తక్కువ పనిచేయడం, బి-12 విటమిన్ లోపం, మనసు కుంగిపోవడం, నెలల తరబడి నిద్ర చాలకపోవడం, వీటిలో ఏదైనా మనిషిని ఇలా చేస్తుంది. అకారణంగా ఇంట్లోవాళ్లని అనుమానించడం కూడా ఒక్కొక్కప్పుడు జబ్బు లక్షణమే, దానికీ మందుంది. ఇవన్నీ రక్తపరీక్షలతోనూ, డాక్టరుతో అరగంట మాట్లాడితేనూ తేలే విషయాలు.

కాని అన్నిటికంటే ముందు ఆ మాత్ర. మన దగ్గర నిద్రకని వాడేవాటిలో ఎక్కువభాగం ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయాజిపామ్ జాతివి. డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు. వీటి వల్ల మర్నాడు మత్తుంటుంది. అంతకంటే ముఖ్యం, మాత్ర పనిచేసే వేళలో చేసిన పనులు జ్ఞాపకంలో నిలవకపోవచ్చు. మనిషి లేచి తిరుగుతాడు, తలుపు వేస్తాడు, నగ తీసి ఎక్కడో పెడతాడు, తెల్లారి గుర్తుండదు. మతిమరపు ముందు మొదలైందా, మాత్ర ముందు మొదలైందా? మీ ఉత్తరంలో ఈ ఒక్కటే రాయలేదు. కాగితం తీసుకుని తారీకులు గుర్తు తెచ్చుకోండి. మాత్ర తరవాత మొదలైతే పిచ్చి అని మీరు భయపడేదాంట్లో చాలాభాగం ఆ స్ట్రిప్పులోనే ఉండవచ్చు, ఎవరి దురుద్దేశమూ లేకుండానే. స్ట్రిప్పు మీద పేరు మీరే చూడండి. పేరు చించేసి ఇస్తుంటే మటుకు అది ఆలోచించవలసిన సంగతి. అయితే ఈ ఉత్తరం చదివి ఈ రాత్రే మాత్ర మానేయకండి. నాలుగు నెలలు రోజూ వేసుకున్నది ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కొక్కరికి ఫిట్సు కూడా వస్తాయి. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి.

డాక్టరు దగ్గరికి మీ అక్కయ్యో, అమ్మగారో తోడుండగా వెళ్లండి. లోపల మాత్రం మీరొక్కరే మాట్లాడతానని చెప్పండి. మీ తరఫున ఇంకెవరో మీ జబ్బు వర్ణించడం వద్దు. ఈలోగా ఒక చిన్న పని. తాళాలు బీరువాలో పెట్టాక, స్టవ్ ఆపాక సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసి మీ వాళ్లెవరికైనా పంపండి. టైము దానంతటదే పడుతుంది. రెండు వారాలు ఇలా చేస్తే మతిమరపు మీదో కాదో చాలావరకు తెలిసిపోతుంది. ఫొటో తీసినట్టే గుర్తు లేకపోతే అదీ డాక్టరుకి పనికొచ్చే సమాచారమే. ఫొటోలో తాళాలు ఒకచోట ఉండి, తెల్లారి పోపుల డబ్బాలో తేలితే, అప్పుడు మీకు కావలసింది నిద్రమాత్ర కాదు.

ఆ రోజే వస్తే గుర్తుంచుకోండి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్నే కాక, మాటలతో మనసుని హింసించడాన్ని, భార్య ఆస్తిని కాజేయడాన్ని కూడా హింసగానే లెక్కిస్తుంది. 181కి ఫోన్ చేస్తే మహిళల సహాయ కేంద్రం పలుకుతుంది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి టెలి-మానస్ ఉంది, నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. రోజూ రాత్రి ఆ మాత్ర మింగుతున్నంతకాలం పొలం కాగితాల మీద గాని, మరే కాగితం మీద గాని సంతకం చేయకండి. అడిగితే డాక్టరు వద్దన్నారని చెప్పండి. అబద్ధం కాదు, నేను డాక్టర్నే, వద్దంటున్నాను.

నవలలు మానక్కర్లేదు. పడుకునే ముందు రెండు గంటలు మాత్రం వద్దు, ఆ వేళ ఇంకేదైనా చదవండి. చదివిన భయం పుస్తకం మూసిన కాసేపటికి దిగిపోతుంటే అది మిరపకాయ మంటే. దిగకుండా వంటింట్లోకీ, పడకగదిలోకీ మీ వెంటే వస్తుంటే, ఆ భయం పుస్తకంలోంచి వచ్చింది కాదు. అక్కడ కళ్లెం మీ చేతిలో లేదు. ఈ పత్రిక మీ ఇంటికి కూడా వస్తుంది గనకే వివరాలు మార్చాను. పరీక్షల కాగితాలు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. జవాబు పత్రికలో వేయను, మీ అక్కయ్య చిరునామాకి పంపుతాను.

ప్రశ్న: నా వయసు 66. రిటైర్డు హెడ్‌మాస్టర్ని. రెండేళ్ల క్రితం గుండెకి స్టెంటు వేశారు. ఇలాంటి నవలలు చదివితే గుండె ఆగిపోతుందని నా భార్య భయపడుతోంది. నిజమేనా?

— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మీరు మేడ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతుంటే నవల వల్ల మీ గుండెకి వచ్చే ముప్పేమీ లేదు. పుస్తకం పెంచే గుండె వేగం సాధారణంగా ఆ మెట్లు పెంచేదానికంటే తక్కువే. రాత్రి మాత్రలు వేసుకున్నాకే పుస్తకం పట్టండి, కథలో పడి మరచిపోయేవాళ్లని చూశాను. ఒక్క జాగ్రత్త. చదువుతుండగా గుండెల మీద బరువు పెట్టినట్టో, ఎడమ చేతిలోకి, దవడలోకి లాగినట్టో ఉండి చెమటలు పడితే, అది కథ ప్రభావమని సరిపెట్టుకుని పేజీ తిప్పకండి. మీ ఆవిడని పిలిచి 108కి ఫోన్ చేయించండి.